మద్యనిషేధ చరిత్రమున మనము మఱచిన యొక యధ్యాయము

మన కులమహాసభ కార్యనిర్వాహకులు ఈ వార్షిక సంచికకు చరిత్రవిషయకమగు వ్యాసమొకటి పంపవలసినదిగా మమ్ము కోరిరి. వంశావళులను గూర్చియు గోత్రనామములను గూర్చియు వ్రాయుటకు మాకంటె సమర్థులు మనలో పలువురు కలరు. కావున మేము వేఱొక చరిత్రమును తలపెట్టితిమి. అది మన యిండ్లలో నందఱకును తెలిసినది; సభలలో మాత్ర మెవ్వరును పలుకనిది. పానవ్యసనమును మాన్పుటకు మన పెద్దలును, ప్రభువులును, స్త్రీలును చేసిన ప్రయత్నముల చరిత్ర మది. వేడుకగా జరుగు మహాసభలో నిట్టి ప్రసంగ మేల యని కొందఱికి తోపవచ్చును. వ్యాసమును తుదివఱకు చదివిన పిమ్మటనే మమ్ము నిందింపుడని ప్రార్థన.

మహాభారతమున మౌసలపర్వము చిన్నది. యాదవులు త్రాగి యొండొరులను జంపుకొని నశించిరను కథ యెల్లరు నెఱిగినదే. కాని దానికి ముందు జరిగిన యొక సంగతిని పలువురు గమనింపరు. మునిశాపము తగిలినదని తెలిసిన వెంటనే ద్వారకలో నాహుకుని పేర చాటింపు వేయించిరి. నాటినుండి పట్టణమున నెవ్వడును మద్యము కాచరాదు. కాచినవానిని బంధుసహితముగా కొఱత వేయుదురు. ఇంతకంటె కఠినమైన మద్యనిషేధశాసన మేదేశ చరిత్రమునను మేము చదివియుండలేదు. భయపడి యందఱును మానిరి. అయినను ప్రభాసతీర్థమునకు యాత్ర వెళ్లినప్పుడు బండ్లతో మద్యము వెంట నడచెను. పిమ్మటి కథ మీకు తెలియును. ఊరిలో శాసనము, పొలిమేర దాటినచో పానము! ఈ పద్ధతి ద్వాపరము నాటినుండి యున్నదే యని మాకు నవ్వు వచ్చును. వెంటనే మనసు కలుక్కుమనును.

మన ప్రాచీన గ్రంథములలో త్రాగువానిని చూచిన చూపులు మూడు. ధర్మశాస్త్రకారులు సురాపానమును పంచమహాపాతకములలో జేర్చి, మరణాంతికమగు ప్రాయశ్చిత్తమును విధించిరి. కౌటిల్యుడు అర్థశాస్త్రము రెండవ యధికరణమున సురాధ్యక్షుడను నధికారిని నియమించి, అమ్మకపు స్థలములను, కొలతలను, రాజునకు రావలసిన ద్రవ్యమును నిర్ణయించెను. మూడవవాడు వైద్యుడు. చరకసంహిత చికిత్సాస్థానమున నిరువదినాలుగవ యధ్యాయ మంతయు మదాత్యయచికిత్సయే. సుశ్రుతుడు నుత్తరతంత్రమున పానాత్యయమును గూర్చి ప్రత్యేకముగా వ్రాసెను. ఒకనికి త్రాగువాడు పాపి, ఒకనికి ఆదాయము, ఒకనికి రోగి. తరువాతి రెండువేల యేండ్లలో మొదటి రెండు చూపులును మన దేశమున బాగుగా వర్ధిల్లెను. మూడవది గ్రంథములలోనే నిలిచిపోయెను.

ఆంగ్లేయులు వచ్చిన పిమ్మట కౌటిల్యుని చూపునకు క్రొత్తబలము చేకూరెను. 1886వ సంవత్సరపు మద్రాసు ఆబ్కారీ చట్టముచేత కల్లుగీతయు సారాకాపును దొరతనమువారి యధీనమున బిగిసెను. చెట్టునకు పన్ను, దుకాణమునకు వేలముపాట. నైజాము రాష్ట్రమునను ఆబ్కారీ ఖజానాకు పెద్ద యండయే. వేలముపాట హెచ్చినకొలది పాటకాడు పెట్టుబడిని రాబట్టుకొనుటకు త్రాగించుటయు హెచ్చించును. ఇది లెక్కల పాఠమంత తేటయైన సంగతి.

దీనికెదురుగా లేచినవారు మొదట సంఘసంస్కర్తలు. బందరులో రఘుపతి వేంకటరత్నము నాయుడుగారు శీలశుద్ధితోపాటు మద్యత్యాగమును బోధించిరి. హైదరాబాదులో భాగ్యరెడ్డివర్మగారు 1906లో జగన్మిత్ర మండలిని స్థాపించి, తమ జాతివారిలో త్రాగుడు మాన్పుట ముఖ్యకార్యముగా బూనిరి. కేరళదేశమున శ్రీనారాయణగురువు చేసినది మఱింత సాహసము. ఈళవులలో ననేకులకు కల్లుగీత కులవృత్తి. అట్టివారినే యుద్దేశించి, మద్యము చేయవద్దు, ఇయ్యవద్దు, త్రాగవద్దు అని యాయన చెప్పెను. 1903లో నేర్పడిన శ్రీనారాయణ ధర్మపరిపాలన యోగము ఆ బోధను కులమంతటను వ్యాపింపజేసెను. తన వారికి కూడుపెట్టు వృత్తినే విడువుమనుట సామాన్యము కాదు. ఆ కాలమున దక్షిణాపథమున వెలసిన కులసభలలో పెక్కింటి తీర్మానములందు విద్య, వివాహవ్యయము, మద్యత్యాగము అను మూడును వరుసగా గానవచ్చును.

మన గ్రామములలో నీ తీర్మానములు కట్టుబాట్లుగా మాఱెను. కట్టుబాటనగా నేమో యీ తరమువారికి చెప్పవలసియున్నది. పెద్దలు రామాలయము నొద్ద కూర్చుందురు. త్రాగినవానికి తప్పు వేయుదురు. తప్పు కట్టనివానికి నిప్పు నీరు నిలిపి వెలివేయుదురు. శుభాశుభములకు పిలువరు. దీనివలన మేలు లేకపోలేదు. త్రాగని పిల్లవాడు త్రాగుటకు జంకెను. ఇంటికి కూలిడబ్బు చేరెను. ఆ మేలును మేము తక్కువచేసి చెప్పము. అప్పటికే యలవాటు ముదిరి శరీరమున వేళ్లు పాతుకొన్నవాని గతి యేమని మాత్ర మే కట్టుబాటును నడుగలేదు.

ప్రభుత్వములును నడుగలేదు. రాజగోపాలాచారిగారి మంత్రివర్గము 1937 అక్టోబరు 1వ తేదీన సేలము జిల్లాలో మద్యనిషేధము నారంభించి, మఱుసటి యేట మన చిత్తూరు, కడప జిల్లాలకు విస్తరింపజేసెను. పోయిన యాదాయమునకు బదులుగా 1939లో అమ్మకపుపన్ను పుట్టెను. నేడు మనము ప్రతి వస్తువునకును కట్టు పన్నునకు పూర్వుడది! యుద్ధకాలమున సడలిన నిషేధము మఱల ప్రారంభమై, 1948 నాటికి మద్రాసు రాష్ట్రమంతయు వ్యాపించెను. రాజ్యాంగము 47వ యధికరణమున దానిని ఆదర్శముగా నిలిపెను. 1953లో నేర్పడిన ఆంధ్రరాష్ట్రమునకు మద్యనిషేధము పుట్టుకతో వచ్చిన చిక్కయ్యెను. రామమూర్తి సంఘము దానిని తొలగింపుమనెను. ఆ వివాదమునందే 1954 నవంబరులో ప్రకాశము పంతులుగారి ప్రభుత్వ మొక్క వోటు తేడాతో పడిపోయెను. కొన్నియేండ్లకు నిషేధమును పోయెను. సారాపాటలు మఱల వచ్చెను. 1980వ దశకమున వారుణివాహిని పేర సర్కారు సారాయే పొట్లములలో నూరూరికిని ప్రయాణము చేసెను.

ఆ పిమ్మట మన నెల్లూరుసీమ స్త్రీలు చేసిన పనిని దేశమంతయు జూచెను. 1992లో కలిగిరి ప్రాంతమున దూబగుంట యను పల్లెలో, రాత్రిబడిలో నక్షరములు నేర్చుకొనుచున్న కూలిస్త్రీలు సారాదుకాణమును మూయించిరి. వర్ధినేని రోశమ్మగారి పేరు అప్పుడే లోకమునకు తెలిసెను. చదువు నేర్పుట మావంటివారి వృత్తి. కాని ముప్పదియేండ్లు పాఠము చెప్పిన మావలన కానిది నాలుగు నెలల రాత్రిబడివలన నయ్యెనే యని యప్పుడును ఇప్పుడును మా మనసున విస్మయము. చీపుళ్లు, కారపుపొడి చేతబట్టి వారు సారాబండ్లకు అడ్డము నిలిచిరి. జిల్లాకేంద్రమున పాటలనే నిలిపివేయించిరి. 1993 ఏప్రిలులో నెల్లూరు జిల్లాలోను, అక్టోబరు 1వ తేదీనుండి రాష్ట్రమంతటను సారా నిషిద్ధమయ్యెను. 1995 జనవరి 16నుండి రామారావుగారి ప్రభుత్వము సంపూర్ణ మద్యనిషేధమును అమలుపఱచెను. అదియు 1997లో సడలెను. పొరుగురాష్ట్రములనుండి దొంగరవాణా, ఖజానాలో లోటు, నాటుసారా యని కారణములు చెప్పిరి. ద్వారక బండ్లే మఱల కదలెనని మేమనుకొంటిమి.

ఇక మా స్వవిషయ మొకటి చెప్పవలసియున్నది. 1992 చలికాలమున, ఆ యుద్యమపు వేడిలో, మేము పనిచేయుచుండిన గ్రామమున మన కులపెద్దలును కూడి కట్టుబాటు చేసిరి. వ్రాయసము మాది. త్రాగినవానికి 516 రూపాయల తప్పు, రెండవమారు వెలి అని మంచి గ్రాంథికమున, సంస్కృతసమాసములతో వ్రాసి, అందఱచేతను వ్రేలిముద్రలు వేయించితిమి. అందొకడు తాపీపనివాడు. ఇరువదియేండ్లనుండి ప్రొద్దునలేచి సారా పడనిదే చేయి నిలువనివాడు. అతడు గుడిమెట్టుపై కర్పూరము వెలిగించి ప్రమాణము చేసెను. ఆనాడే మానెను. మఱునాడు చేతులు వణకెను, చెమటలు పట్టెను, నిద్ర లేదు. రెండవనాడు మూర్ఛ వచ్చెను. మూడవనాటి రాత్రి లేని పురుగులను గోడమీద దులుపుచు, చనిపోయిన తండ్రితో మాటలాడసాగెను. గాలి సోకినదని మంత్రగానిని బిలిచిరి, నులకమంచమునకు కట్టివేసిరి. నాలుగవనాడు తెల్లవాఱకముందే చనిపోయెను.

గ్రామస్థు లేమనిరనగా, వాడు ప్రమాణము తప్పి చాటుగా త్రాగియుండును, దైవము శిక్షించెను, అని. మేమును అట్లే తలంచితిమి. ఆ మాట ఆతని భార్యయు బిడ్డలును మోసిరి.

ఇరువదిమూడేండ్లు గడచెను. 2015 సెప్టెంబరులో తెలంగాణమున కల్తీకల్లుపై ప్రభుత్వము దాడులు చేసెను. ఆ కల్లులో కలిపెడివి ఆల్ప్రజోలాము, డయాజిపాము అను మత్తుమందులు. మత్తు తగ్గిన కల్లు త్రాగినవారును, అసలు కల్లు దొరకనివారును నిజామాబాదు, మెదకు, మహబూబునగరు జిల్లాలలో గుంపులుగా నాసుపత్రులకు చేరిరి. వణకు, మూర్ఛ, ప్రలాపము, నాలుకలు కఱచుకొనుట! కొందఱు మరణించిరి. వార్తాపత్రికలో నా లక్షణములను చదువుచుండగా మా చేతిలోని పత్రిక వణకెను. అవే గదా మేము నులకమంచముమీద జూచినవి! ఆతడు ప్రమాణము తప్పి చావలేదు, నిలుపుకొని చచ్చెను. 2020 మార్చిలో లాక్‌డౌను విధించి దుకాణములన్నిటిని ఒక్కమారుగా మూసినప్పుడును ఎఱ్ఱగడ్డ మానసికవైద్యశాలకు నిట్టి రోగులే వెల్లువగా వచ్చిరి.

వైద్యుల నడిగి తెలిసికొన్న సంగతి యిది. ఏండ్లతరబడి నిత్యము మిక్కుటముగా త్రాగువాని మెదడు మద్యమునకు సర్దుకొనియుండును. హఠాత్తుగా మానినచో కొన్ని గంటలలోనే వణకు, ఆందోళనము మొదలగును. మొదటి రెండుదినములలో మూర్ఛలు రావచ్చును. రెండవ మూడవ దినములు దాటునప్పుడు కొందఱికి సన్నిపాతమువంటి ప్రలాపము వచ్చును. చికిత్స లేనిచో ప్రాణాపాయము. వైద్యుడు క్లోర్‌డయాజిపాక్సైడు వంటి మందును మొదట దండిగా నిచ్చి దినదినమును తగ్గించుచు వారము పదిదినములలో నిలిపివేయును. బి1 జీవసత్త్వమైన థయమినును తప్పక యిచ్చును. అది లేక మెదడు చెడినవారు కలరు. ఇంతటితో చికిత్స ముగియదు; ఇది వాకిలి మాత్రమే. కాని యీ వాకిలి దాటించుట ప్రమాణములవలన కాదు, వైద్యునివలన నగును.

మేము సంస్కృతము చదివినవారము. చరకసంహిత సూత్రస్థానము ఏడవ యధ్యాయమున, అలవాటైన యహితమును ఒక్కమారుగా విడువరాదు, పాదముపాదముగా విడువవలెనని స్పష్టముగా నున్నది. వాగ్భటుడును అదే చెప్పెను. మదాత్యయాధ్యాయమున చరకుడు మఱియొక మాట చేర్చెను: ఈ రోగము మనస్సును కలచును గాన, హర్షము కలిగించు క్రియ కావలెను, మిత్రులు, మంచిమాట, మనోహరమైన తావు కావలెను. పరీక్షలకొఱకు ఆ శ్లోకములను వల్లించినవారమే. కట్టుబాటు వ్రాయునాడు వానిలో నొక్కటియు మా కలమునకు తోచలేదు. అయితే చరకుని మాట చదివి యింటిలోనే సారా కొలిచి తగ్గింపవచ్చునని యెవ్వరును తలంపరాదు. కొలత యెఱిగినవాడు వైద్యుడే.

చికిత్సను సంఘమే చేతబట్టిన దృష్టాంత మొకటి పొరుగుననే యున్నది. మద్రాసులో టి. టి. రంగనాథన్ అను సంపన్నగృహస్థుడు పానవ్యసనముచే 1979లో మరణించెను. ఆతని భార్య శాంతి రంగనాథన్ గారు ఆ దుఃఖమును దాచుకొనక, 1980లో భర్తపేర చికిత్సాసంస్థను నెలకొల్పిరి. ప్రభుత్వము 1992లో నామెకు పద్మశ్రీ నిచ్చెను. నగరములో చికిత్సకు రాలేని పల్లెవారికొఱకు ఆ సంస్థవారు తంజావూరు ప్రాంతమున మంజక్కుడి యను గ్రామములో శిబిరములు నడపిరి. పదునైదుదినములు రోగులు ఊరిలోనే యుందురు, వైద్యులు వత్తురు, తావు, భోజనము, సహాయము ఊరివారివి. భార్యలకును తల్లులకును వేఱుగా బోధన కలదు. పిమ్మట నెలనెల వచ్చి విచారింతురు. ఊరంతయు జూచుచుండగా చికిత్స పొందినవానికి సిగ్గు మిగులదు; మఱల జాఱినను ఊరే పట్టుకొనును. ఊరు గూడుట మన కట్టుబాటునందును గలదు. అక్కడ తప్పు వేయుటకు గాక పథ్యము పెట్టుటకు గూడిరి. అదియే భేదము.

అమెరికాలో ఆక్రన్ అను పట్టణమున 1935లో నిరువురు త్రాగుబోతు లొకరినొకరు నిలుపుకొనుటతో మొదలైన ఆల్కహాలిక్స్ అనానిమస్ సంఘము నేడు మన నగరములందును సభలు జరుపుచున్నది. అందు ఫీజు లేదు, కులము లేదు. మానినవాడే మానవలసినవానికి గురువు. చరకుడు చెప్పిన మిత్రసాంగత్యము వీరికి తెలియకయే తెలిసినది.

మన యిండ్లలో జరుగుచున్నదేమి? భర్తకు తెలియకుండ సాంబారులో పొడి కలుపుచున్నారు. త్రాగుడు మాన్పించు మందని బస్సుస్టాండులలో నమ్ముచున్నారు. ఆ పొడులలో నొక్కొక్కప్పుడు డైసల్ఫిరాము వంటి మందుండును. దానిని 1948లో డెన్మార్కు వైద్యులు ప్రకటించిరి. మందు తిని మద్యము త్రాగినచో ముఖము జేవురించి, వాంతియై, గుండెదడ పుట్టును. రోగి యెఱిగి, యొప్పుకొని, వైద్యుని చెంత వాడవలసిన యౌషధ మది. ఎఱుగనివానికి చాటుగా బెట్టుట విషప్రయోగముతో సమానము. తల్లులారా, ఆ పొడి మీరు కొనునది ప్రేమచేతనే యని మే మెఱుగుదుము. అయినను కొనకుడు.

2019లో ఢిల్లీ ఎయిమ్స్ వైద్యులు కేంద్రప్రభుత్వమునకు సమర్పించిన నివేదికలో, దేశమున మద్యము త్రాగువారు సుమారు 16 కోట్లమందియనియు, వారిలో 5.7 కోట్లమందికి సాయము కావలసియున్నదనియు కలదు. మద్యమునకు పూర్తిగా లోబడినవారిలో 38 మంది కొక్కనికి మాత్రమే యేదో యొక చికిత్స యందుచున్నదట. మిగిలిన ముప్పదియేడుగురు ఎక్కడ నున్నారు? మన పెండ్లిపందిళ్ల వెనుకను, పెద్దకర్మనాడు బంధువుల కిచ్చు విందులలోను ఉన్నారు. కర్మాంతరమునకు సీసాలు తెప్పించుట యిప్పుడు గౌరవచిహ్నమయ్యెను. అదే మనుష్యుడు పడిపోయినప్పుడు మన నియమావళి వానిని సభ్యత్వమునుండి తొలగించును! పోసినవారిని తొలగించు నియమము మాత్రము లేదు. మన విద్యార్థివసతిగృహములో గంజాయితో పట్టుబడిన బాలుని వెంటనే పంపివేయవలెనని క్రిందటి యేడు వాదము జరిగినది. పంపివేసిన బాలుడు ఎక్కడికి బోవును? ఆతనికి గంజాయి యిచ్చినవాని యొద్దకే గదా.

ఈ మహాసభ ముందు మేము పెట్టు కోరిక లివి. మన కల్యాణమండపము వర్షకాలమున నెలలతరబడి తాళము వేసియుండును. అందు పదునైదుదినములు ప్రభుత్వవైద్యకళాశాల మానసికవైద్యవిభాగమువారి పర్యవేక్షణమున శిబిరము నడపుడు. వంటకు దాతలు మనలోనే కలరు. మూర్ఛలును ప్రలాపమును వచ్చిన చరిత్ర కలవారిని శిబిరమున గాక తిన్నగా నాసుపత్రిలోనే చేర్పవలెను. మానినవారిని వేదికపై సన్మానింపకుడు. అది వారికి బరువు. పనికి పిలువుడు, పంక్తిలో కూర్చుండబెట్టుడు. పెద్దకర్మలలో మద్యము పోసిన యింట మన పెద్దలు భోజనము చేయరాదు. తప్పు వేయవలసినది యచ్చటనే. శాఖాకార్యాలయముల గోడలపై కేంద్రప్రభుత్వమువారి వ్యసనవిముక్తి సహాయసంఖ్య 14446ను, మానసికారోగ్య సంఖ్య 14416ను పెద్దయక్షరములతో వ్రాయింపుడు. రెంటికిని రుసుము లేదు. నియమావళిలో త్రాగువానిని తొలగించు నియమమును కొట్టివేసి, తప్పుల పద్దున ఇదివఱకు కూడిన సొమ్మును చికిత్సానిధిగా మార్పుడు. ధర్మము సడలుచున్నదని కొంద ఱాక్షేపింతురు. శాస్త్రమున వైద్యుని మాటయు శాస్త్రమే యని వారికి మా మనవి.

2015లో నా వార్త చదివిన నెలలోపల మే మా గ్రామమునకు వెళ్లితిమి. తాపీపనివాని భార్య జీవించియే యున్నది. అరుగుపై కూర్చుండి, ఆతడు ప్రమాణము తప్పలేదనియు, మానుటవలననే రోగము వచ్చెననియు, వైద్యుని యొద్దకు గొనిపోయియున్న బ్రతికియుండెడివాడనియు, ఆ కాగితము వ్రాసినది మేమేననియు చెప్పితిమి. ఆమె కొంతసేపు చేటలోని బియ్యమును జూచుచుండి, "ఆయన తాగలేదని నేనానాడే మొత్తుకుంటి గదా అయ్యవారా, మీరెవరూ వినకపోతిరే" అనెను. తరువాత మజ్జిగ తెచ్చి యిచ్చెను.

వ్రేలిముద్రలున్న యా కట్టుబాటు కాగితము మాయొద్దనే యున్నది. క్రిందినుండి మూడవది ఆతని ముద్ర. నియమావళి సవరణ చర్చకు వచ్చునాడు సభ్యులు చూచుటకై దానిని కార్యదర్శిగారికి ఈ వ్యాసముతోపాటు పంపుచున్నాము.